అమెరికాలో కాబోయే అభ్యర్థుల గురించి నోట్‌బుక్ ఎలా రాసుకోవాలి

పొద్దున్నే కట్టమంచి చెరువు వైపు నడకకు వెళ్లే మా ఐదుగురిలో నలుగురి పిల్లలు అమెరికాలో ఉన్నారు. నడక అయ్యాక టీ బంకు దగ్గర నిలబడితే మాట అటే పోతుంది. "అయ్యవారూ, ట్రంప్ తర్వాత ఎవరంట?" అని నన్నే అడుగుతారు, ముప్పై ఏళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పినవాణ్ని కదా అని. ఒకాయన రిపబ్లికన్ పార్టీ ఉపాధ్యక్షుడు వాన్స్ అంటాడు, ఇంకొకాయన డెమొక్రాట్ పార్టీ న్యూసమ్ అంటాడు. పేర్లు అందరికీ తెలుసు. వాటిని ఎలా తూచాలో తెలియకే టెన్షన్ పడుతున్నాం. నేను తూచే పద్ధతి ఇక్కడ రాస్తున్నాను.

ముందు 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి తీసుకోండి. ఒక్కో పేరుకు రెండు పేజీలు వదలండి. ఎవరికి పేజీ అక్కర్లేదో మొదటే తేల్చేయండి. అధ్యక్షుడయ్యే మనిషి పుట్టుకతోనే అమెరికా పౌరుడై ఉండాలి, 35 ఏళ్లు నిండాలి, 14 ఏళ్లు ఆ దేశంలో నివసించి ఉండాలి. దక్షిణాఫ్రికాలో పుట్టిన ఎలాన్ మస్క్ అందుకే లెక్కలోకి రాడు. 1951లో అమల్లోకి వచ్చిన 22వ సవరణ ప్రకారం ఎవరూ రెండుసార్ల కన్నా ఎక్కువ ఎన్నిక కాకూడదు. ట్రంప్ 2016లో, 2024లో ఎన్నికయ్యాడు. మూడోసారి అంటూ వచ్చే వీడియోలకు మీ నోట్‌బుక్‌లో చోటివ్వకండి.

ఇక ప్రతి పేరు కింద మొదటి ప్రశ్న ఇది: ఈ మనిషికి ప్రైమరీలో, అంటే పార్టీ టికెట్ ఎవరికో తేల్చే ఓటింగులో, ఓటేసేది ఎవరు?

మన దగ్గర బీ-ఫారం పార్టీ పెద్దలు ఇస్తారు. అక్కడా ఒకప్పుడు అలాగే ఉండేది. 1968లో అప్పటి ఉపాధ్యక్షుడు హ్యూబర్ట్ హంఫ్రీ ఒక్క ప్రైమరీలో కూడా పోటీ చేయకుండానే డెమొక్రాట్ల అభ్యర్థి అయ్యాడు. దాని మీద పెద్ద గొడవై, 1972 నుంచి ప్రైమరీలదే పైచేయి అయింది. టికెట్ ప్రజల చేతికి వచ్చింది. అయితే ఏ ప్రజల చేతికి? ప్రైమరీకి శ్రమపడి వచ్చి ఓటేసేవాళ్లు తక్కువ, వచ్చేవాళ్లలో పార్టీ మీద గట్టి పట్టుదల ఉన్నవాళ్లు ఎక్కువ. ఫ్లోరిడా, పెన్సిల్వేనియా లాంటి చోట్ల పార్టీ పేరుతో నమోదు చేసుకోనివాళ్లకు అసలు ఆ ఓటే లేదు. ఏ పార్టీకీ చెందమని చెప్పుకునేవాళ్లు సర్వేల్లో 40 శాతం పైనే కనిపిస్తారు. వాళ్లలో చాలామంది ఏదో ఒక వైపు మొగ్గినవాళ్లే అయినా, మధ్యలో ఉన్న మనిషిని కోరుకునేవాళ్లు కూడా అందులోనే ఉంటారు. టికెట్ తేలే రోజున వాళ్లు చాలాచోట్ల గుమ్మం బయటే ఆగిపోతారు. రెండు పార్టీలకూ నడుమ నిలిచే మధ్యేమార్గం రాజకీయం సన్నబడటానికి నాకు కనిపించే పెద్ద కారణం ఇదే.

ఈ ప్రశ్న వేసుకోకుండా నేను ఒకసారి తప్పు లెక్క కట్టాను. 2024 మొదట్లో, రిపబ్లికన్ టికెట్ కోసం ట్రంప్‌తో పోటీపడ్డ నిక్కీ హేలీ పేజీలో "గెలిచే అవకాశం బాగా ఉంది" అని రాసుకున్నాను. బైడెన్‌తో పోటీ పెడితే ఆమెదే పైచేయి అని సర్వేలు చెబుతున్నాయి మరి. కానీ ఆ సర్వేల్లో మాట్లాడింది దేశమంతా, ప్రైమరీలో ఓటేసింది రిపబ్లికన్లు. తాను గవర్నరుగా పనిచేసిన సౌత్ కరోలినాలోనే ఆమె సుమారు 20 శాతం తేడాతో ఓడిపోయింది. చివరికి గెలిచినవి వాషింగ్టన్ డీసీ, వెర్మాంట్ రెండే. మార్చిలో తప్పుకుంది. ఆ పేజీ కొట్టేయలేదు, అలాగే ఉంచాను.

రెండో ప్రశ్న: ఏం మాట్లాడాడని కాదు, ఏ బిల్లుకు ఓటేశాడు, ఆ తర్వాత దాని మీద నిలబడ్డాడా? దీనికి ఎక్కువ చోటు వదలండి. అసలు మనిషి ఇక్కడే తెలుస్తాడు.

రిపబ్లికన్ నాయకుడు మార్కో రూబియో పేజీ చూడండి. 2013లో అక్కడి ఎగువ సభ సెనేట్‌లో ఒక పెద్ద ఇమ్మిగ్రేషన్ బిల్లు వచ్చింది. నలుగురు డెమొక్రాట్లు, నలుగురు రిపబ్లికన్లు కలిసి రాసిన బిల్లు అది. ఆ ఎనిమిది మందిలో రూబియో ఒకడు. ఉద్యోగం ద్వారా వచ్చే గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం అనే పరిమితిని తీసేసే మాట అందులో ఉంది. 68-32తో గెలిచింది, 14 మంది రిపబ్లికన్లు కూడా ఓటేశారు. దిగువ సభ అయిన ప్రతినిధుల సభ దాన్ని చర్చకే తీసుకోలేదు. సొంత పార్టీలో వ్యతిరేకత చూసి రూబియో వెనక్కి తగ్గాడు. 2016లో అధ్యక్ష పదవికి దిగితే సొంత రాష్ట్రం ఫ్లోరిడా ప్రైమరీలోనే ట్రంప్ చేతిలో ఓడి అదే రోజు తప్పుకున్నాడు. ఇప్పుడు విదేశాంగ మంత్రిగా ఉన్నాడు, 2028కి ఆయన పేరూ వినిపిస్తోంది. మా అబ్బాయి గ్రీన్‌కార్డు క్యూలో నిలబడి పదేళ్లు దాటింది. ఆ బిల్లు చట్టమై ఉంటే వాడి అమ్మ ఆఖరి రోజుల్లో, వీసా స్టాంపింగ్ భయం లేకుండా విమానం ఎక్కి ఉండేవాడు. నాకు అమెరికా మధ్యేమార్గం టీవీ చర్చ కాదు, మా ఇంటి విషయం.

రెండు పార్టీలూ కలిసి చట్టం చేయడం అక్కడ వింతేమీ కాదు. 1964 పౌరహక్కుల చట్టాన్ని సెనేట్‌లో అడ్డుకుంటుంటే, ఆ అడ్డు తొలగించడానికి వచ్చిన 71 ఓట్లలో 27 రిపబ్లికన్లవి. 2010 ఆరోగ్య బీమా చట్టానికి మాత్రం వాళ్ల నుంచి ఒక్క ఓటు కూడా రాలేదు. చట్టం కుదరకపోతే పని అధ్యక్షుడి సంతకంతో నడుస్తుంది. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి ఉద్యోగ వీసాకు లక్ష డాలర్లు కట్టాలని ప్రకటన వచ్చింది అలా ఒక్క సంతకంతోనే. మా టీ బంకు దగ్గర ఆ రోజు ఎవరూ మాట్లాడలేదు.

మూడో ప్రశ్న: ఎదుటి పార్టీ బలంగా ఉన్న చోట గెలిచాడా? ఆండీ బెషీర్ డెమొక్రాట్. 2019లో, 2023లో కెంటకీ గవర్నరుగా గెలిచాడు. అదే కెంటకీలో 2024లో ట్రంప్ ఆధిక్యం సుమారు 30 శాతం. ఇలాంటివాళ్ల పేజీలో ఒక నక్షత్రం గుర్తు పెట్టండి, కానీ తొందరపడకండి. గవర్నరు ఎన్నికలో మనిషిని చూసి ఓటేసేవాళ్లు కూడా సెనేట్‌కు వచ్చేసరికి పార్టీని చూస్తారు. 2016లో సెనేట్ ఎన్నిక జరిగిన ప్రతి రాష్ట్రంలో, అధ్యక్ష ఎన్నికలో గెలిచిన పార్టీయే సెనేట్ సీటు కూడా గెలిచింది. అలా జరగడం అదే మొదటిసారి. 2024లో మాత్రం అరిజోనా, మిషిగన్, నెవాడా, విస్కాన్సిన్‌లలో ట్రంప్ గెలిచినా సెనేట్ సీట్లు డెమొక్రాట్లకు వెళ్లాయి. మన బూత్‌లో పక్కపక్కన పెట్టే రెండు ఈవీఎంలలో చెరో గుర్తు నొక్కేవాళ్లు అక్కడ ఇంకా మిగిలే ఉన్నారు. నేను ఆశ పెట్టుకున్నది వాళ్ల మీదే.

మూడో పార్టీ గురించి మా వాళ్లు తప్పకుండా అడుగుతారు. 2009లో ప్రజారాజ్యం 18 సీట్లు గెలిచింది, చిరంజీవి మన తిరుపతిలోనే గెలిచారు. అమెరికాలో 1992లో రాస్ పెరోకు దాదాపు 19 శాతం ఓట్లు వచ్చినా ఒక్క ఎలక్టోరల్ ఓటు, అంటే అధ్యక్షుణ్ని తేల్చే రాష్ట్రాలవారీ ఓటు, కూడా రాలేదు. దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ మొదట వచ్చినవాడికే మొత్తం ఎలక్టోరల్ ఓట్లు పోతాయి. ఉన్న 538లో 270 తెచ్చుకోవాలి. మధ్యేవాదుల కోసం అభ్యర్థిని నిలబెడతామన్న నో లేబుల్స్ సంస్థ 2024 ఏప్రిల్‌లో ఆ పని విరమించుకుంది. వాళ్ల వేదికపై మాట్లాడిన అప్పటి వెస్ట్ వర్జీనియా సెనేటర్ జో మాంచిన్ అంతకుముందే పోటీ చేయనని చెప్పేశాడు. కాబట్టి మూడో పార్టీకి ఒక్క పేజీ చాలు.

ఉషా వాన్స్ తెలుగింటి ఆడపడుచు కదా, జేడీ వాన్స్ వస్తే మన పిల్లలకు మేలు కదా అంటారు. ఆమెను చూసి నాకూ సంతోషమే. కానీ ఆయన పేజీలో ఆయన ఓట్లు, నిర్ణయాలు మాత్రమే రాయండి.

ఎవరైనా "ఆలోచిస్తున్నా" అంటే పెన్సిల్‌తో రాయండి. అక్కడి చట్టం ప్రకారం ప్రచారం కోసం 5,000 డాలర్లు దాటి వసూలు చేసినా, ఖర్చు పెట్టినా అభ్యర్థిగా లెక్క. ఆ కాగితాలు దాఖలయ్యాకే పెన్నుతో దిద్దండి. పోలింగ్ 2028 నవంబరు 7న. ఈలోగా ఆదివారం ఫోన్లో మీ పిల్లలను, ఓటున్న వాళ్ల స్నేహితులు ఏ ప్రైమరీలో ఓటేస్తారో, అసలు వేయడానికి నమోదు చేసుకున్నారో లేదో అడిగి చూడండి. మా అబ్బాయి పక్కింటాయనను అడిగి చెప్పాడు, ఆయన ఏ పార్టీలోనూ నమోదు కాలేదట. ఆయనకూ ఒక పేజీ తెరిచాను.