గోల్డ్ స్పాట్ తాగాలనిపిస్తే
1993లో పార్లే నుంచి కోకాకోలా చేతికి వెళ్లిన థమ్సప్, లిమ్కా ఇప్పటికీ దొరుకుతున్నాయి, ఆరెంజ్ కూల్‌డ్రింక్ గోల్డ్ స్పాట్ మాత్రం పోయింది. ఇంట్లో ఆరెంజ్ స్క్వాష్‌లో సోడా కలిపితేనేమో గ్యాసంతా పోయి చప్పగా ఉండేది.

ఇప్పుడిలా చేస్తున్నా. ఫ్రిజ్‌లో పెట్టిన గ్లాసులో 3 టేబుల్ స్పూన్ల స్క్వాష్, పావు చెంచా నిమ్మరసం, చిటికెడు ఉప్పు ముందే కలిపేస్తా. గ్లాసు వంచి, బాగా చల్లబడ్డ 200 మిల్లీలీటర్ల సోడా అంచు వెంట మెల్లగా పోస్తా. చెంచాతో అడుగు నుంచి ఒక్కసారి తిప్పితే చాలు. అచ్చం అదే రుచి అనను కానీ, మొదటి గుక్కకే ముక్కులోకి గ్యాస్ తన్నుకొస్తుంది, నాలుక నారింజ రంగు!

ఉప్పు చివర్లో వేశారో, నురగ పొంగి బల్లంతా పాకం. నిన్న మూత తీసిన సోడాతో అసలు కుదరదు.