కళ్లు పచ్చబడ్డాయా? పసరు కన్నా ముందు రక్త పరీక్ష

పోయిన నెల మా ల్యాబ్‌కు ఏడు నెలల గర్భిణిని ఆటోలో తీసుకొచ్చారు. రక్తం తీసి మెషీన్‌లో తిప్పితే ట్యూబులో పైకి తేలిన సీరం చిక్కటి పసుపు నీళ్లలా ఉంది. కామెర్లతో కళ్లు పచ్చబడి అప్పటికే పన్నెండు రోజులట. అన్నాళ్లూ పసరు మందు, చప్పిడి పథ్యం. హెపటైటిస్ ఇ, అంటే వైరస్ వల్ల వచ్చే లివర్ వాపులో ఒక రకం అని తేలింది. ఆమె బతకలేదు.

వానలు మొదలయ్యాయి. నీళ్లు కాచి తాగమని, చేతులు కడుక్కోమని అందరూ చెబుతూనే ఉన్నారు. నేను చెప్పేది ఒక్కటే. కళ్లు పచ్చబడ్డ రోజే రక్త పరీక్ష చేయించండి.

"మా నాన్నకు పసరుతోనే తగ్గింది" అంటారు. తగ్గే ఉంటుంది. నీళ్ల వల్ల, తిండి వల్ల వచ్చే ఎ, ఇ రకాలు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. పేరు మాత్రం పసరుకు వస్తుంది. అదే ఇ రకం చివరి నెలల్లో ఉన్న గర్భిణికి సోకితే 100 మందిలో 20-25 మంది దాకా చనిపోవచ్చు. రక్తం ద్వారా సోకే బి, సి ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా లివర్‌ను పాడు చేస్తాయి. కళ్లు చూసి ఏ రకమో ఎవరూ చెప్పలేరు, ఇన్నేళ్లుగా రక్తం చూస్తున్న నేనూ చెప్పలేను. సి రకం ఇప్పుడు ఎక్కువమందికి 12 వారాల మాత్రలతో నయమవుతోంది. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద సర్కారు ఆసుపత్రుల్లో పరీక్షలు, మందులు ఉచితం కూడా. ముందు పరీక్ష చేయించుకుంటేనే కదా!

మనిషి మగతగా ఉన్నా, పొంతన లేకుండా మాట్లాడినా, వాంతులు ఆగకపోయినా, చిగుళ్ల నుంచి రక్తం వచ్చినా ఆ రాత్రే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. గర్భిణి అయితే ఇవేవీ కనిపించేదాకా ఆగొద్దు, కళ్లు పచ్చబడితే చాలు.

వాతలు పెట్టించొద్దు. పసరు వద్దు. జ్వరానికి సొంతంగా మాత్రలు మింగొద్దు, పారాసెటమాల్ మోతాదు దాటితే దెబ్బ లివర్‌కే. సారా, బీరు ఏదీ ముట్టొద్దు. బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు హెపటైటిస్ బి టీకా అడిగి మరీ వేయించండి. సిరంజి మీ కళ్ల ముందే విప్పాలి. సెలూన్‌లో కొత్త బ్లేడు. కుళాయి పైపు మురిక్కాలువలోంచి వస్తుంటే ఆ నీళ్లు తెర్లాక ఇంకో నిమిషం మరగనివ్వండి. మళ్లీ చెబుతున్నా, పసరు కోసం ఊళ్లు తిరగకండి. కళ్లను పచ్చబరిచే బిలిరుబిన్ ఎంతుందో ఒక్కటే చూసుకుని ఇంటికి పోకండి. రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చెప్పే పీటీ ఐఎన్ఆర్ కూడా చేయించి, రిపోర్టులు అదే రోజు డాక్టరుకు చూపించండి.