దూర విమానాశ్రయాల మధ్య దూరాన్నీ ప్రయాణ సమయాన్నీ లెక్కకట్టడం

టోక్యో నుంచి లాస్ ఏంజెలెస్‌కు విమానం ఎంత దూరం ఎగరాలో తెలుసుకోవడానికి గోడ పటం మీద స్కేలు పెడితే లెక్క తప్పుతుంది. గ్లోబు మీద ఆ రెండు నగరాల మధ్య దారం బిగించి చూడాలి. రెండూ ఇంచుమించు ఒకే అక్షాంశం మీద ఉన్నప్పటికీ దారం సూటిగా తూర్పుకు పోదు. ఉత్తరానికి వంగి, దాదాపు 48 డిగ్రీల అక్షాంశం వరకు వెళ్లి, మళ్లీ కిందికి దిగుతుంది. గోళం మీద అతి దగ్గరి దారి అయిన మహావృత్త మార్గం అదే.

దూరాన్ని అంకెల్లో రాబట్టడానికి విమానాశ్రయాల అక్షాంశ రేఖాంశాలు కావాలి. టోక్యోలోని హనేడా 35.55 డిగ్రీల ఉత్తరం, 139.78 తూర్పు, లాస్ ఏంజెలెస్ 33.94 ఉత్తరం, 118.41 పశ్చిమం. ఒకటి తూర్పు, మరొకటి పశ్చిమం కనుక రేఖాంశాలను కూడితే 258.19 వస్తుంది, అది 180 దాటింది కాబట్టి 360 నుంచి తీసివేయగా 101.81 మిగులుతుంది. ఇప్పుడు రెండు అక్షాంశాల కొసైన్ల లబ్ధాన్ని ఈ భేదపు కొసైన్‌తో గుణించి, దానిని సైన్ల లబ్ధానికి కలపాలి. 90 డిగ్రీలు దాటిన కోణానికి కొసైన్ రుణాత్మకమని ఇక్కడ మరవకూడదు. ఆ ఒక్క గుర్తు పొరపాటైతే ఇక్కడ సుమారు 1,900 కిలోమీటర్ల తేడా వస్తుంది. దక్షిణ అక్షాంశాన్ని కూడా రుణ సంఖ్యగానే తీసుకోవాలి. మొత్తం సుమారు 0.186, అంత కొసైన్ ఉన్న కోణం 79.3 డిగ్రీలు. భూమి ఉపరితలం మీద డిగ్రీకి 111.2 కిలోమీటర్ల చొప్పున దూరం దాదాపు 8,800 కిలోమీటర్లు. అక్షాంశాన్నే పట్టుకుని తూర్పుకు పోతే సుమారు 9,300 అవుతుంది.

సమయానికి గంటకు 900 కిలోమీటర్ల వేగం తీసుకుని, విమానం నేల మీద నడవడానికీ పైకి లేవడానికీ కిందికి దిగడానికీ మరో అరగంట కలిపితే పది గంటల పైచిలుకు వస్తుంది. అయితే పసిఫిక్ మీద పడమటి నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్‌ను లెక్కలోకి తీసుకోకపోతే ఈ అంచనా పనికిరాదు. గాలి సగటున గంటకు 100 కిలోమీటర్లు అనుకుంటే, వెళ్లేటప్పుడు సుమారు తొమ్మిదిన్నర గంటలు, తిరుగు ప్రయాణంలో పదకొండున్నర గంటలు పడుతుంది. రెండు వైపులకూ ఒకే సమయం చెప్పే అంచనాను నేను నమ్మను. మధ్యలో విమానం మారవలసి ఉంటే ఒక్కో అంచెను విడిగా లెక్కించి, ఆగే సమయాన్ని కలపాలి.

టికెట్ మీద ఉండేవి ఆయా ఊళ్ల స్థానిక సమయాలు. వాటిని నేరుగా తీసివేయకూడదు. శీతకాలంలో లాస్ ఏంజెలెస్ టోక్యో కంటే 17 గంటలు వెనుక ఉంటుంది, వేసవి సమయం అమలులో ఉన్నప్పుడు 16 గంటలు. శీతకాలంలో టోక్యోలో సాయంత్రం 5 గంటలకు బయలుదేరితే అప్పుడు అక్కడ అదే తేదీ మొదలవుతూ ఉంటుంది. పది గంటల ప్రయాణం తరువాత అదే రోజు ఉదయం 10 గంటలకు దిగుతారు. తిరుగు ప్రయాణంలో ఉదయం 11 గంటలకు బయలుదేరి 12 గంటలు ప్రయాణిస్తే, టోక్యోలో దిగేసరికి మరునాడు సాయంత్రం 4 అవుతుంది.