నౌపడ–గుణుపురం రైలు మార్గం: కుటుంబంతో చరిత్ర చూసిరావడం ఎలా

ఊటీ బొమ్మ రైలు గురించి విన్న పిల్లలు మన వైపు అలాంటిది లేదా అని అడిగితే, ఉత్తరాంధ్రలో చాలామంది తల్లిదండ్రులు అరకు పేరు చెప్పి ఊరుకుంటారు. అరకు దారిలోని సొరంగాలు, అద్దాల పెట్టె చూడదగినవే, కాదనను. అయితే శ్రీకాకుళం జిల్లాలో అంతకంటే ఎంతో ముందు, 1900లోనే, ఒక సంస్థానాధీశుడు తన ఊరికి వేయించుకున్న చిన్న రైలు మార్గం ఉంది. నౌపడ నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడికి, అక్కడి నుంచి గుణుపురానికి వెళ్ళే ఆ దారిలో నేడు పెద్ద రైళ్ళే నడుస్తున్నాయి. పొగ ఇంజను, చెక్క పెట్టెలు చూపిస్తామని పిల్లలకు మాట ఇచ్చి బయలుదేరితే మాత్రం నిరాశ తప్పదు. ఇది చరిత్ర ఉన్న మార్గమే తప్ప, టికెట్ పెట్టి చూపే ప్రదర్శన కాదు. అందువల్ల ఈ యాత్రకు సన్నాహం స్టేషన్‌లో కాక ఇంటి దగ్గరే మొదలు కావాలి.

ముందుగా పిల్లలకు చెప్పవలసిన కథ చిన్నదే. మద్రాసు, కలకత్తాలను కలిపే ప్రధాన మార్గం 1890ల్లో నౌపడ మీదుగా వచ్చింది. పర్లాకిమిడి అక్కడికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉండిపోయింది. రాజా గౌరచంద్ర గజపతి ఆ లోటు తీర్చడానికి సొంతంగా ఒక లైటు రైల్వే, అంటే తేలికపాటి చిన్న రైలు మార్గం, వేయించాడు. తరువాతి తరంలో, 1931 నాటికి, అది గుణుపురం వరకు సాగి మొత్తం సుమారు 90 కిలోమీటర్ల మార్గం అయింది. పట్టాల మధ్య వెడల్పు 2 అడుగుల 6 అంగుళాలే. 2004లో ఆ చిన్న రైలును ఆపి, పట్టాలు తీసి, బ్రాడ్‌గేజ్ వేశారు. పెద్ద రైలు 2010లో పర్లాకిమిడికి, మరుసటి ఏడాది గుణుపురానికి చేరింది.

ఈ సంగతి నోటితో చెబితే పిల్లలకు అంతగా పట్టదు. వాకిట్లో సుద్దముక్కతో 762 మిల్లీమీటర్ల ఎడంతో రెండు గీతలు గీయించి, వాటి పక్కనే బ్రాడ్‌గేజ్ కొలత అయిన 1,676 మిల్లీమీటర్ల ఎడంతో మరో రెండు గీయించండి. మొదటి జతకు అటొక కాలు ఇటొక కాలు వేసి పదేళ్ళ పిల్లవాడు నిలబడగలడు. రెండవ జత ముందు పెద్దవారి అంగ కూడా చాలదు. అంత చిన్న బండి మీద తాతల కాలంలో జనం, ధాన్యం, అటవీ సరుకు ప్రయాణించేవని అప్పుడు వివరిస్తే, రైలెక్కాక కిటికీలోంచి చూసే చూపే మారుతుంది. ఈ కొలతల ఆట ఇంటి వాకిట్లోనే ముగించాలి. స్టేషన్‌లో పట్టాల మీదికి దిగి కొలవడం, ఫోటోలు తీయడం ఎంత మాత్రం కూడదని అప్పుడే గట్టిగా చెప్పి ఉంచడం మంచిది.

ఇక ప్రయాణపు ఏర్పాటు. శ్రీకాకుళం పట్టణంలో రైల్వే స్టేషన్ లేదు. ‘శ్రీకాకుళం రోడ్’ అన్న పేరుతో ఉన్నది ఆముదాలవలసలో ఉంది. బయటి ఊళ్ళ నుంచి వచ్చే బంధువులకు ఈ మాట ముందే చెప్పకపోతే వారు స్టేషన్‌లో దిగి ఊరు ఎక్కడని వెతుక్కుంటారు. విశాఖపట్నం నుంచి గుణుపురం వెళ్ళే పాసింజరును విజయనగరంలోనో ఆముదాలవలసలోనో ఎక్కవచ్చు. ఈ శాఖా మార్గంలో రోజుకు నడిచే బండ్లు తక్కువ, వేళలు మారుతుంటాయి. కనుక బయలుదేరే ముందు రోజు రాత్రి రైల్వేవారి యాప్‌లో చూసుకోవాలి. ఎవరో చెప్పిన పాత వేళలను నమ్ముకోరాదు. అన్‌రిజర్వ్‌డ్ ప్రయాణంలో ఐదేళ్ళలోపు పిల్లలకు టికెట్ అక్కరలేదు, ఐదు నిండి పన్నెండు నిండని వారికి సగం టికెట్ సరిపోతుంది.

నా అభిప్రాయంలో ఈ యాత్రకు అన్నిటికంటే ముఖ్యమైన నియమం ఒక్కటే: రైల్లో వెళ్ళండి, రోడ్డు మీద తిరిగి రండి. రెండు వైపులా రైలునే నమ్ముకుంటే తిరుగు బండి కోసం పర్లాకిమిడిలో గంటల తరబడి కూర్చోవలసి రావచ్చు, లేదా చూడవలసినవి వదిలేసి పరుగెత్తవలసి రావచ్చు. పాతపట్నం నుంచి టెక్కలి, శ్రీకాకుళం వైపు ఆర్టీసీ బస్సులు ఉంటాయి. వృద్ధులు, చంటిపిల్లలు ఉన్న కుటుంబమైతే కారును ముందుగానే పాతపట్నానికో పర్లాకిమిడికో రమ్మని, డ్రైవరును అక్కడ కలుసుకోవడం సుఖం.

కిటికీ పక్క సీటు పిల్లలకు ఇచ్చి, ఏయే చోట్ల బయటికి చూడాలో చెబుతూ ఉండాలి. విజయనగరం వైపు నుంచి వచ్చేవారికి దూసి దాటిన తరువాత నాగావళి వంతెన వస్తుంది. నౌపడ చుట్టుపక్కల ఉప్పు మడులు ఉన్నాయి. ఎండలు ముదిరిన నెలల్లో తెల్లని ఉప్పు కుప్పలు కనిపిస్తాయి. నౌపడ వద్ద ప్రధాన మార్గాన్ని విడిచి మన బండి శాఖా మార్గం పట్టినప్పుడు, రాజావారి రైలు మొదలైనది ఇక్కడేనని పిల్లలకు చెప్పండి. టెక్కలి, తెంబూరు, పాతపట్నం వరుసగా వస్తాయి. పాతపట్నం ఆంధ్రప్రదేశ్‌ది, మహేంద్రతనయ ఒడ్డున దాని పక్కనే ఉన్న పర్లాకిమిడి ఒడిశాది. స్టేషన్ పేరు పలకల మీద లిపి మారడాన్ని పిల్లలనే కనిపెట్టమంటే, రాష్ట్ర సరిహద్దు అంటే ఏమిటో పాఠం చెప్పనవసరం ఉండదు.

పర్లాకిమిడి 1936 ఏప్రిల్ 1 వరకు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైన ఆ రోజున అటు చేరింది. ఆ ఏర్పాటు కోసం కృషి చేసిన పర్లాకిమిడి రాజు కృష్ణచంద్ర గజపతి 1937లో ఒడిశాకు తొలి ప్రధానమంత్రి (నేటి ముఖ్యమంత్రి పదవిని అప్పుడు అలా పిలిచేవారు) అయ్యాడు. తెలుగువారికి ఈ ఊరితో ఉన్న అనుబంధం మాత్రం గిడుగు వెంకట రామమూర్తి పేరు మీద నిలిచింది. 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం సమీపంలోని పర్వతాలపేటలో పుట్టిన ఆయన, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ కొండల్లోని సవరల భాష నేర్చుకుని, దానికి నిఘంటువు, వ్యాకరణం సమకూర్చారు. బడి పుస్తకాల్లో వ్యావహారిక భాష కోసం పోరాడిన వ్యక్తిగానే పిల్లలకు ఆయన తెలుసు. సవర గ్రామాలు ఉన్న నేల మీదుగా ప్రయాణిస్తూ ఆయన సవర భాషకు చేసిన కృషి కూడా చెబితే, ఆగస్టు 29న బడిలో జరిగే తెలుగు భాషా దినోత్సవం వారికి మరింత దగ్గరవుతుంది. ఊరు ఒడిశాలో చేరడం ఇష్టం లేక ఆయన ముదిమిలో పర్లాకిమిడిని విడిచి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు.

పర్లాకిమిడిలో గజపతుల భవనాన్ని బయటి నుంచి చూసి తృప్తి పడే ఉద్దేశంతోనే వెళ్ళాలి. అది రాజకుటుంబపు సొత్తు. లోపలికి అనుమతి దొరికితే అదృష్టం, దొరకకపోతే కాపలాదారుతో వాదించి ప్రయోజనం లేదు. ఊళ్ళో పశువుల కొమ్ముతో చేసే కొంగలు, దువ్వెనలు వంటి వస్తువులు ప్రసిద్ధమైనవి. తిరుగుదారిలో, పాతపట్నం స్టేషన్ సమీపంలోని నీలమణి దుర్గమ్మ గుడిలో ఇంట్లోని పెద్దవారు దర్శనం చేసుకుంటే వారి పూజ కూడా అయినట్టే. గుణుపురం వరకు వెళ్ళడం అవసరమా అంటే, రైలు మీద మక్కువ ఉన్నవారికి అవును; చంటిపిల్లలున్నవారికి పర్లాకిమిడి చాలు.

సెప్టెంబరు నుంచి మార్చి మధ్య వెళ్ళేవారు తిరిగి వచ్చేటప్పుడు టెక్కలి ప్రాంతంలోని తేలినీలాపురంలో ఆగాలి. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఊరి చెట్ల మీదే గూళ్ళు కట్టుకుని పిల్లలను సాకుతాయి. రాజుల పేర్లు, తేదీలు విని అలసిన పిల్లలకు ఇది పెద్ద ఊరట. దుర్భిణి ఉంటే తీసుకువెళ్ళండి, చప్పుడు చేయవద్దని ముందే చెప్పండి.

మరుసటి రోజును శ్రీముఖలింగానికి కేటాయించడం సబబు. నరసన్నపేట నుంచి గానీ, ఆముదాలవలస నుంచి గానీ రోడ్డు మార్గంలో వంశధార ఒడ్డున ఉన్న ఈ ఊరు చేరవచ్చు. ఇది తూర్పు గంగుల రాజధాని కళింగనగరమని చరిత్రకారులు గుర్తించారు. పూరీలో జగన్నాథాలయ నిర్మాణానికి పూనుకున్న అనంతవర్మ చోడగంగదేవుడు 1078లో సింహాసనం ఎక్కింది ఇక్కడి గంగవంశంలోనే. పూరీ చూసిన కుటుంబాలకు ఈ ఒక్క మాట చాలు, రెండు గుళ్ళ శిఖరాలనూ పోల్చి చూడటం మొదలుపెడతారు. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వరాలయాలు మూడూ చూడండి. పిల్లలకు ఓపిక తక్కువగా ఉంటే సోమేశ్వరంతో మొదలుపెట్టండి. దానికి ముందు మండపం లేదు, గర్భగుడి మీద శిఖరం ఒంటరిగా లేచి ఉంటుంది కాబట్టి గుడి ఆకారం ఒక్క చూపులో అర్థమవుతుంది. ఆ తరువాత మధుకేశ్వరాలయపు గోడల మీద పిల్లలే బొమ్మలను వెతుక్కుంటారు. స్వామి ఇప్పచెట్టులో వెలిశాడన్న స్థలపురాణాన్ని అక్కడి అర్చకుల నోట వినడమే అందం. శివరాత్రికి, తరువాత జరిగే చక్రతీర్థ స్నానానికి జనం వేల సంఖ్యలో వస్తారు. ఉత్సవం చూడాలనుకుంటే ఆ రోజులే మేలు. శిల్పం చూడాలనుకుంటే ఆ రోజులు తప్పించాలి.

ఏ గుడికైనా ఉదయం తొమ్మిది లోపు చేరడం మంచిది. మధ్యాహ్నం తలుపులు మూస్తారు, పైగా చెప్పులు విడిచి నడిచే బండలు అప్పటికి కాలుతుంటాయి. మా వైపు ఎండకంటే ఉక్కపోత ఎక్కువ బాధిస్తుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. అక్టోబరులో వెళ్ళదలచినవారు తుపాను హెచ్చరికలు చూసుకుని కదలాలి.

శాలిహుండం కొండ మీది బౌద్ధ స్తూపాలను 1919లో వెలుగులోకి తెచ్చింది కూడా గిడుగువారే. కాబట్టి ముందు రోజు చెప్పిన కథకు అది సహజమైన కొనసాగింపు. ఇటుకతో కట్టిన గుండ్రని పునాదులు, కింద సముద్రం వైపు సాగే వంశధార కనిపిస్తాయి. మెట్లు ఎక్కాలి గనుక మోకాళ్ళ నొప్పులున్న పెద్దలను నేరుగా కళింగపట్నం తీరానికి పంపి, మిగిలినవారు తరువాత కలుసుకోవడం మేలు. కేంద్ర పురావస్తు శాఖ ప్రదర్శనశాలలకు సాధారణంగా శుక్రవారం సెలవు. ఆ రోజు పెట్టుకోకండి. అరసవల్లి, శ్రీకూర్మం ఎలాగూ అందరూ వెళ్ళేవే. శ్రీకూర్మంలో రెండు ధ్వజస్తంభాలను లెక్కపెట్టించి, ఆవరణలోని నక్షత్ర తాబేళ్ళను చూపిస్తే పిల్లలు అక్కడి నుంచి ఒక పట్టాన కదలరు.

రైలు మీదే ఆగదగిన మరో ఊరు పొందూరు. స్టేషన్ నుంచి ఆటోలో ఊళ్ళోకి వెళ్ళి, ఖాదీ సంఘంలో అడిగి వడికేవారిని చూడాలి. వాలుగ చేప దవడ ఎముకకు దువ్వెన పళ్ళకంటే సన్నని పళ్ళ వరుస ఉంటుంది. గింజను వేళ్ళతో పట్టుకుని, దాని మీది పత్తిని ఆ ఎముకతో దువ్వి చెత్త తీస్తారు. చేసిన ఏకులను ఎండిన అరటి పట్టలో దాచి, అందులోంచి ఒక్కొక్కటే తీసి రాట్నం మీద వడుకుతారు. ఇది వారి జీవనాధారమైన పని, మనకోసం పెట్టిన ప్రదర్శన కాదు కనుక అనుమతి అడిగిన తరువాతే ఫోటో తీయాలి. ఏమైనా కొనదలచుకుంటే బేరం ఆడకపోవడం మర్యాద.

విజయనగరంలో ఒక పూట చాలు. 1713లో విజయ నామ సంవత్సరం, విజయదశమి, జయవారమైన మంగళవారం కలిసిన రోజున విజయరామరాజు కోటకు పునాది వేశాడని చెబుతారు. ఆ ‘విజయాల’ను పిల్లలతో లెక్కపెట్టించండి. కోటలో నేడు కళాశాలలు నడుస్తున్నాయి కాబట్టి సెలవు రోజున వెళితే ఎవరికీ ఇబ్బంది ఉండదు. గంటస్తంభం, గురజాడ అప్పారావు నివసించిన ఇల్లు, 1919లో ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడిగా మొదలైన సంగీత కళాశాల పట్టణంలోనే ఉన్నాయి.

బొబ్బిలిని ఈ యాత్రలోనే ఇరికించవద్దు. 1757 జనవరి 24 నాటి యుద్ధపు కథ, స్మారక స్తంభం, గొల్లపల్లిలో పనస మొద్దును తొలిచి ఒకే చెక్కతో వీణ చేసే పనితనం, ఒకప్పుడు సాలూరుకు నడిచిన రైల్‌బస్సు ముచ్చట్లు, ఇవన్నీ కలిపి దానికదే ఒక రోజు పని. విజయనగరం నుంచి రాయగడ మార్గంలోని బండి ఎక్కితే బొబ్బిలి స్టేషన్‌లోనే దిగవచ్చు. గొల్లపల్లిలో బహుమతులకు చేసే చిన్న నమూనా వీణలు దొరుకుతాయి. కొంటే అట్టపెట్టెలో పెట్టించుకుని, తిరుగు రైల్లో సామాన్ల పలక మీద కాకుండా ఒళ్ళోనే ఉంచుకోండి. దండి సన్నగా ఉంటుంది కాబట్టి పైన ఇంకో సంచి పడితే విరుగుతుంది.