కాంటాక్ట్ స్టిఫ్‌నెస్ ఎంత పెట్టాలి? ఒక ప్రెస్ ఫిట్ లెక్క

మాది ఫైనైట్ ఎలిమెంట్ విశ్లేషణ, అంటే యంత్రభాగాన్ని కంప్యూటర్లో ఎలిమెంట్లనే చిన్న ముక్కలుగా విడగొట్టి ఒత్తిళ్లు లెక్కించే పని. మా జట్టులో కొత్తగా చేరినవాళ్లు తరచూ అడుగుతారు: "సార్, కాంటాక్ట్ స్టిఫ్‌నెస్ ఫ్యాక్టర్ ఎంత పెట్టమంటారు?" నేను అంకె చెప్పను. "ఎన్ని మైక్రాన్ల చొచ్చుబాటును భరించగలవు?" అని ఎదురు ప్రశ్న వేస్తాను. అది తేలితే అంకె దానంతటదే తేలుతుంది.

భాగాలు తాకే చోటును లెక్కించే పెనాల్టీ పద్ధతిలో రెండు ఉపరితలాల మధ్య ఒక స్ప్రింగు ఉన్నట్టు లెక్క. దాని బిగువే కాంటాక్ట్ స్టిఫ్‌నెస్; సాల్వర్ (లెక్క చేసే సాఫ్ట్‌వేర్) తనకు తాను వేసుకున్న బిగువును ఎన్ని రెట్లు చేయాలో చెప్పేది ఫ్యాక్టర్. ఒత్తిడి పుట్టాలంటే ఆ స్ప్రింగు నొక్కుకోవాలి, అంటే ఒక భాగం రెండోదానిలోకి కాస్తయినా చొచ్చుకుపోవాలి.

50 మి.మీ. ఉక్కు షాఫ్టు తీసుకోండి. దాని మీద నొక్కి బిగించిన (ప్రెస్ ఫిట్), బయటి వ్యాసం 100 మి.మీ. ఉన్న ఉక్కు హబ్బు. ఇంటర్‌ఫియరెన్స్, అంటే హబ్బు రంధ్రం కంటే షాఫ్టు ఎంత పెద్దదో ఆ తేడా, వ్యాసార్థంలో 20 మైక్రాన్లు. మందపాటి గొట్టాలకు వాడే లామే సూత్రం ప్రకారం కాంటాక్ట్ ఒత్తిడి సుమారు 63 మెగాపాస్కల్స్. మోడల్‌లో చొచ్చుబాటు 2 మైక్రాన్లు ఉందంటే బిగుతులో పదో వంతు గాలికి పోయినట్టే: ఒత్తిడి 57 దగ్గర ఆగుతుంది, మోయగల టార్కూ అంతే తగ్గుతుంది. తప్పు 1 శాతానికి మించకూడదనుకుంటే చొచ్చుబాటు 0.2 మైక్రాన్లు దాటకూడదు. 63ను 0.0002తో (0.2 మైక్రాన్లే, మిల్లీమీటర్లలో) భాగించండి. ఘన మిల్లీమీటరుకు 3 లక్షల న్యూటన్ల పైచిలుకు స్టిఫ్‌నెస్ కావాలి. సాల్వర్ ఫైల్లో రాసే విలువను దీనితో పోల్చి ఫ్యాక్టర్ సరిచేయండి.

ఆగ్మెంటెడ్ లగ్రాంజ్ (చొచ్చుబాటు ఒక పరిమితి లోపలికి వచ్చేదాకా ఒత్తిడిని విడతలుగా సరిచేసే పద్ధతి) పెట్టాం కదా అని ధీమా పడకండి. ఆన్సిస్ సాఫ్ట్‌వేర్‌లో ఆ చొచ్చుబాటు పరిమితి మామూలుగా కాంటాక్ట్ ఉపరితలం కింది ఎలిమెంట్ లోతులో 0.1 వంతు. 2 మి.మీ. ఎలిమెంట్లయితే అది 200 మైక్రాన్లు! అసలు ఇంటర్‌ఫియరెన్స్‌కు పది రెట్లు. ఆ పరీక్షలో ఏ మోడల్ అయినా నెగ్గుతుంది. ఇలాంటి చోట పరిమితిని నేరుగా మైక్రాన్లలోనే ఇవ్వాలి.

అలాగని ఫ్యాక్టర్‌ను ఇష్టానుసారం పెంచితే కాంటాక్ట్ తెరుచుకుంటూ మూసుకుంటూ ఊగిసలాడుతుంది, ఫోర్స్ గ్రాఫు రంపపు పళ్లలా కనిపిస్తుంది. 0.1, 1, 10 వరసలో పరుగు తీయించి ఒత్తిడి మారడం ఎక్కడ ఆగిందో చూడండి. వంగే పలచటి రేకులకైతే 0.01తో మొదలుపెట్టినా తప్పులేదు. లెక్క కన్వర్జ్ అయింది (స్థిరపడి ముగిసింది) అన్న ఒక్క కారణంతో తక్కువ విలువను ఉంచేయడం మాత్రం నాకు అస్సలు నచ్చదు.

ఇంత చేసినా ఒత్తిడి పటం మచ్చలు మచ్చలుగా వస్తే స్టిఫ్‌నెస్ జోలికి పోకుండా మెష్ (ఎలిమెంట్ల అల్లిక) చూడండి. 25 మి.మీ. వ్యాసార్థం మీద 2 మి.మీ. సరళరేఖ ఎలిమెంటు వృత్తం నుంచి సరిగ్గా 20 మైక్రాన్లు లోపలికి పోతుంది. మీ ఇంటర్‌ఫియరెన్స్ కూడా అంతే కదా! 0.5 మి.మీ.కు దించితే ఆ తేడా 1.25 మైక్రాన్లకు పడిపోతుంది. అంచులు వంపు తిరగగల క్వాడ్రాటిక్ ఎలిమెంట్లు వాడగలిగితే అంత సన్నం చేసే పనీ ఉండదు.