నత్త ముత్యాలు, పాఠం 4: పగడానికి 2.73 ఎందుకొచ్చింది?

పోయిన పాఠంలో నీళ్లలో తూకం చెప్పాను: గ్లాసు నీళ్లు కాటా మీద పెట్టి సున్నా చేసి, దారానికి కట్టిన పూసని అడుగు తగలకుండా ముంచితే, అది పక్కకు నెట్టిన నీటి బరువు కనిపిస్తుంది. పూస బరువుని దాంతో భాగిస్తే సాంద్రత. అది చదివి ఇంట్లో పగడం పూస తూచిన చాలామందికి సాంద్రత 2.73 వచ్చింది. ‘ఇది కరీబియన్ రాణి శంఖు ముత్యమేమో’ (ఆ సముద్రపు నత్తలో పుట్టే గులాబీ ముత్యం) అని అనుమానం. కాదు, పగడమే. ఈ గొడవ తేలేదాకా మెలో ముత్యం (మెలో అనే ఇంకో సముద్రపు నత్తది) పాఠం వాయిదా.

లెక్క చూడండి. 0.30 గ్రాముల పగడం (సాంద్రత సుమారు 2.65) పక్కకు నెట్టే నీరు 0.113 గ్రాములు. అంతే బరువున్న గులాబీ శంఖు ముత్యం (సుమారు 2.85) నెట్టేది 0.105. రెండు దశాంశాల కాటా మొదటిదాన్ని 0.11 అంటుంది. రెండోదాన్ని 0.10 అనొచ్చు, 0.11 అనొచ్చు. 0.11తో భాగిస్తే రెండూ 2.73! 0.10తో భాగిస్తే ముత్యానికి 3.00. కాటాకి లేని చూపు మీ లెక్కకి ఎక్కడినుంచి వస్తుంది? చిన్న పూసకి మూడు దశాంశాల కాటా కావాలి. తిరుపతి గాంధీ రోడ్డులో తెలిసిన నగల కొట్టుంటే, బేరాలు లేని వేళ చూసి అడగండి. గ్రామున్నర దాటిన పూసకైతే మీ కాటా చాలు: 1.71ని 0.60తో భాగిస్తే 2.85.

మిగతా తప్పులు చిన్నవి. దారం చేత్తో పట్టుకోకండి, స్టాండుకి కట్టండి. 1.00 వచ్చిందంటే పూస గ్లాసు అడుగున కూర్చుందన్నమాట. బెజ్జంలో గాలి బుడగ ఉంటే సాంద్రత తగ్గి కనిపిస్తుంది. నీళ్లలో ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ వేయండి. నేనైతే దారం బదులు సన్నటి రాగి తీగే వాడతాను.

సరిగ్గా 2.85 వచ్చినా సంబరపడొద్దు. అదే శంఖు గుల్లని గుండ్రంగా సానబట్టినా అంతే వస్తుంది. ఫోన్ టార్చి మీద పూసని తిప్పుతూ పదింతల లూప్‌తో (నగల పనివాళ్లు వాడే చిన్న భూతద్దం) చూడండి: గుల్ల పూసలో తిన్నటి పొరలు ఒకదాని పక్కన ఒకటి చారల్లా ఉంటాయి. ముత్యంలో కనిపిస్తే దీపం మంటల్లాంటి నాలుకలు, అన్నిటిలోనూ కనిపించవు. పూజ గదిలో విరిగిన శంఖం ముక్కుంటే దాని అంచు చూడండి, పొరలంటే ఏమిటో తెలుస్తుంది.

అభ్యాసం: ఒకే పగడాన్ని మూడు దశాంశాల కాటా మీద పదిసార్లు తూచండి. పదీ 2.60, 2.70 మధ్య పడాలి. ఒక్కటి తప్పినా మళ్లీ మొదటినుంచి. ఎవరి దగ్గరైనా నిజం శంఖు ముత్యం ఉంటే, తూచాక మెత్తటి గుడ్డతో తుడవండి. మన ఎండలో ఆరబెడితే ఆ గులాబీ రంగు వెలిసిపోవచ్చు.