కోజీ మిస్టరీ ఎక్కడ బెడిసికొట్టింది? సమస్యలు - పరిష్కారాలు

కోజీ మిస్టరీ అంటే డిటెక్టివ్ నవలల్లో ఒక రకం. అందులో అందరూ ఒకరికొకరు తెలిసిన చిన్న ప్రపంచం ఉంటుంది. హత్య తెర వెనుక జరిగిపోతుంది. ఆరా తీసేది పోలీసు కాదు, మామూలు మనిషి. చూడటానికి తేలికే గానీ, డ్రాఫ్ట్ ఇంకొకరి చేతికిచ్చాక అసలు సంగతి తెలుస్తుంది.

సమస్య: సగంలోనే హంతకుణ్ణి పట్టేశారు

కారణం: క్లూ మరీ సులువని అందరూ అనుకుంటారు. చాలాసార్లు అది కాదు, ఆ పాత్రకు కథలో వేరే పనే లేదు. మూడో అధ్యాయంలో తోటమాలి వచ్చి, మర్యాదగా పలకరించి వెళ్లిపోతే పాఠకుడు ‘వీణ్ణెందుకు పెట్టినట్టు?’ అనుకుంటాడు. ఇక దాచడానికి ఏం మిగిలింది?

పరిష్కారం: హంతకుడికి హత్యతో సంబంధం లేని పని ఒకటి అప్పగించండి. నవ్వించనివ్వండి, ఆరా తీసే మనిషికి సాయపడనివ్వండి. ఆ పాత్రను తీసేస్తే హత్యతోపాటు ఇంకో ఉపకథ కూడా కూలిపోవాలి.

క్లూని పేరా చివర పెట్టకండి, కన్ను అక్కడే ఆగుతుంది. జాబితా మధ్యలో పెట్టండి. ‘బల్ల మీద కళ్లజోడు, సగం అల్లిన స్వెటరు, తడి గొడుగు, పాత పత్రికలు’ అని రాసి, వెంటనే ఎవరో తలుపు దబదబా బాదారనండి. ఆ రోజు వాన పడింది పక్క ఊళ్లోనే అన్న సంగతి చాలా పేజీల ముందు, ఇంకేదో గొడవ మధ్య వచ్చి ఉండాలి. రెండు ముక్కలూ పాఠకుడి కళ్లముందే ఉన్నాయి, కలపాల్సింది అతనే.

సమస్య: ముగింపు చదివి ‘ఇది అన్యాయం’ అన్నారు

కారణం: పాఠకుడికి చూపించని ఆధారంతో కేసు తేల్చేశారు, లేదా హంతకుణ్ణి ఆలస్యంగా తెచ్చారు. ఇంగ్లిష్ డిటెక్టివ్ కథల రచయిత రొనాల్డ్ నాక్స్ 1929లో డిటెక్టివ్ కథలకు పది నియమాలు రాశాడు. కొన్నింటికి కాలం చెల్లింది గానీ మొదటిది ఇప్పటికీ పనికొస్తుంది: నేరస్థుడి ప్రస్తావన కథ తొలిభాగంలోనే రావాలి, కానీ పాఠకుడికి అతని ఆలోచనలు తెలిసి ఉండకూడదు. ఈ రెండో సగాన్నే చాలామంది మరిచిపోతారు. హంతకుడి మనసులోకి వెళ్లి మరీ అసలు విషయం దాచిపెడితే పాఠకుడికి కోపం రాదా?

పరిష్కారం: రహస్యం విప్పే సన్నివేశం ముందేసుకుని పెన్సిల్ తీయండి. ‘అందుకే’, ‘కాబట్టి’ అన్న ప్రతిచోటా, ఆ ఆధారం పాఠకుడికి కనబడిన పేజీ నంబరు వేయండి. నంబరు దొరకనిచోట వెనక్కి వెళ్లి క్లూ నాటాలి.

ఖాళీలు మరీ ఎక్కువైతే రోగం ఇంకా లోతుగా ఉంది: హత్య ఎలా జరిగిందో మీకే సరిగ్గా తెలియదు. నవల పక్కన పెట్టి, హంతకుడి ఆ రోజును గంటగంటకూ రాయండి. ఎక్కడికెళ్లాడు, ఎవరు చూశారు, ఏ అబద్ధం ముందే సిద్ధం చేసుకున్నాడు, ఏది అనుకోకుండా జరిగింది. ఆ కాగితం పుస్తకంలోకి రాదు గానీ, క్లూలన్నీ అందులోంచే పుడతాయి. నన్నడిగితే మొదటి అధ్యాయం కంటే ముందు రాయాల్సింది ఇదే.

సమస్య: మధ్యభాగం సాగదు

కారణం: అనుమానితుల్ని వరసగా కలవడం, ప్రశ్నలడగడం, టీ తాగడం. ప్రతి సంభాషణా సమాచారం ఇస్తోంది తప్ప పరిస్థితిని మార్చడం లేదు.

పరిష్కారం: ప్రతి అనుమానితుడికీ ఒక అబద్ధం ఇవ్వండి, దాని వెనుక హత్యతో సంబంధం లేని సొంత రహస్యం పెట్టండి. ఒకరు అప్పు దాస్తారు, ఇంకొకరు ప్రేమ దాస్తారు. అబద్ధం బయటపడినప్పుడల్లా ఒక అనుమానం తొలగాలి, ఒక స్నేహం దెబ్బతినాలి. నవల నడిమికొచ్చేసరికి, అప్పటిదాకా నమ్మిన ఒక ముఖ్య విషయం తప్పని తేలాలి. ప్రతిసారీ ఇంకో శవం పడేయనక్కర్లేదు.

సమస్య: ‘పోలీసులకు చెప్పొచ్చుగా?’

పరిష్కారం: చెప్పించండి. పోలీసులు విని, వాళ్లకు సబబుగా తోచిన కారణంతోనే పక్కన పెట్టాలి. వాళ్లను మూర్ఖుల్ని చేస్తే మీ డిటెక్టివ్ గెలుపు చప్పబడుతుంది. అనుమానం ఆ డిటెక్టివ్ ఆప్తుల మీదకే వస్తే, ఎందుకు తలదూర్చారని ఎవరూ అడగరు.

సమస్య: హత్య జరిగినా ఎవరికీ బాధ లేదు

పరిష్కారం: నెత్తురు కలపకండి, అది వేరే రకం నవల అవుతుంది. పోయిన మనిషి లేని లోటు ఒక్కరికైనా తెలిసేలా, మూడు నాలుగు చోట్ల ఒక్కో వాక్యం రాయండి.